వెన్న గిన్నెలో కాదు.. కంచంలో!

ఆదివారం వచ్చిందంటే పిల్లల నోట ఒకటే మాట- పనీర్‌ బటర్‌ మసాలా. అదే ఇంట్లో నాన్నకు గుండెలో స్టెంటు వేసి ఉంటుంది. నాయనమ్మకు అధిక రక్తపోటు. అమ్మకు ఈమధ్యే మధుమేహం తేలింది. అప్పుడేం చేస్తాం? పిల్లలకు ఘుమఘుమలాడే కూర వండి, పెద్దలకు విడిగా చప్పిడి కూర పెడతాం. లేదూ.. ‘ఒక్క పూటకు ఏమవుతుందిలే’ అని అందరం అదే తింటాం. మొదటిది వండేవారికి రెట్టింపు పని, తినేవారికి చిన్నబుచ్చినట్టు. రెండోదేమో ఒక్క పూటతో ఆగదు.

ఈ రెండూ అక్కర్లేకుండా ఒకే గిన్నెలో అందరికీ సరిపోయే కమ్మటి కూర వండుకోవచ్చు. దీనికి తెలుసుకోవాల్సింది ఒక్కటే. హోటల్‌ కూరలోని ఆ చిక్కదనం, ఆ నునుపు అంతా క్రీమ్‌ పుణ్యమే అనుకుంటాం గానీ అందులో క్రీమ్‌ పాత్ర కొంతే.

కమ్మదనం ఎక్కడిది?

టమాటా, వెన్న, క్రీమ్‌ కలిసిన ఈ రకం గ్రేవీకి దిల్లీ దర్యాగంజ్‌లోని మోతీమహల్‌ హోటల్‌తో పేరొచ్చింది. అక్కడి బటర్‌ చికెన్‌ దేశమంతా పాకింది. శాకాహారుల కోసం అదే గ్రేవీలో పనీర్‌ వచ్చి చేరింది. ఇలాంటి గ్రేవీలో క్రీమ్‌ మూడు పనులు చేస్తుంది. కూరను చిక్కబరుస్తుంది. నాలుకకు నునుపు తగిలేలా చేస్తుంది. టమాటా పులుపును తగ్గిస్తుంది.

ఈ మూడింటినీ వేరే దారిలోనూ సాధించొచ్చు. నానబెట్టి మెత్తగా రుబ్బిన జీడిపప్పు, నువ్వులు, గసగసాలు గ్రేవీని చిక్కబరుస్తాయి. నునుపు చాలావరకు రుబ్బటంలోనే ఉంటుంది. ముద్దలో రవ్వ మిగిలితే నాలుక ఇట్టే పట్టేస్తుంది. గంధంలా రుబ్బి, జల్లెడ పడితే కొవ్వు తక్కువున్నా వెన్నలా జారుతుంది. ఇక పులుపు సంగతి. ఉల్లిపాయ, క్యారట్‌ లేదా తియ్యగుమ్మడి ముక్కలను టమాటాతో కలిపి ఉడికిస్తే పులుపు దానంతటదే తగ్గుతుంది. చక్కెర వేయాల్సిన పనీ ఉండదు.

ఒక్కసారి లెక్క చూడండి

నలుగురికి హోటల్‌ తరహాలో వండాలంటే 50 గ్రాముల వెన్న, 100 మిల్లీలీటర్ల క్రీమ్‌, 250 గ్రాముల పనీర్‌ వేస్తుంటాం. వెన్నలో 80 శాతం కొవ్వే. అందులోనూ సగానికి పైగా సంతృప్త కొవ్వు. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను (ఎల్‌డీఎల్‌) పెంచేది ఇదే. మనకు ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్‌ క్రీమ్‌లో సుమారు 25 శాతం కొవ్వుంటుంది. వెన్న నుంచి 25 గ్రాములు, క్రీమ్‌ నుంచి 16 గ్రాములు, పనీర్‌ నుంచి 34 గ్రాములు.. మొత్తం కలిపితే దాదాపు 75 గ్రాముల సంతృప్త కొవ్వు. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 18 నుంచి 19 గ్రాములు.

రోజంతా తీసుకునే కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ఇది సుమారు 22 గ్రాములు. అంటే ఒక్క కూరతోనే రోజు కోటా దాదాపు అయిపోయిందన్నమాట. పొద్దున కాఫీలో పాలు, మధ్యాహ్నం పప్పులో నెయ్యి, సాయంత్రం బిస్కట్లు.. వీటిని ఇంకా లెక్కలోకి తీసుకోనే లేదు.

కింద చెప్పిన పద్ధతిలో వండితే ఇదే కూరలో ఒక్కొక్కరికి వచ్చే సంతృప్త కొవ్వు 7 గ్రాముల చిల్లరకు తగ్గుతుంది. అందులోనూ ఎక్కువ భాగం పనీర్‌దే.

నలుగురికి ఇలా..

కావాల్సినవి: పనీర్‌ 150 గ్రాములు, పచ్చి బఠాణీలు ఒక కప్పు, బాగా పండిన టమాటాలు నాలుగు, ఉల్లిపాయలు రెండు, చిన్న క్యారట్‌ ఒకటి, జీడిపప్పు 20 గ్రాములు (12 నుంచి 14 పలుకులు), పొట్టు తీసిన తెల్ల నువ్వులు మూడు చెంచాలు, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, అంగుళం అల్లం ముక్క, యాలకులు రెండు, కశ్మీరీ కారం రెండు చెంచాలు, ధనియాల పొడి ఒక చెంచా, గరం మసాలా అర చెంచా, కసూరీ మేథీ ఒక చెంచా, నూనె మూడు చెంచాలు, వెన్న ఒక చెంచా, టోన్డ్‌ పాలు అర కప్పు (100 మిల్లీలీటర్లు), బియ్యప్పిండి అర చెంచా, ఉప్పు ముప్పావు చెంచా. ఇక్కడ చెంచా అంటే టీస్పూన్‌.

ముందుగా జీడిపప్పు, నువ్వులను వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. టమాటా, ఉల్లి, క్యారట్‌, అల్లం, వెల్లుల్లిని పెద్ద ముక్కలుగా కోసి, కప్పు నీళ్లు పోసి, మూతపెట్టి పావుగంట ఉడికించండి. దించి పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉండగా మిక్సీ జారులో వేస్తే ఆవిరి తన్ని మూత ఎగిరిపోతుంది, ఒళ్లు కాలుతుంది. చల్లారాక నానిన జీడిపప్పు, నువ్వులను ముందు రుబ్బి, తర్వాత ఉడికిన ముక్కలు వేసి మెత్తగా తిప్పండి. ఈ ముద్దను జల్లెడలో గరిటెతో నొక్కుతూ వడకట్టండి. ఐదు నిమిషాల పనే గానీ హోటల్‌ గ్రేవీకి, ఇంటి గ్రేవీకి అసలు తేడా ఇక్కడే.

మూకుడులో నూనె వేడయ్యాక యాలకులు వేసి, మంట తగ్గించి కారం వేయండి. రెండు మూడు క్షణాల్లో నూనె ఎర్రబడుతుంది. ఆలస్యం చేస్తే మాడిపోతుంది. వెంటనే వడకట్టిన ముద్ద, ధనియాల పొడి, ఉప్పు వేసి సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు కలుపుతూ మగ్గించండి. మామూలుగా ‘నూనె పైకి తేలేదాకా’ అంటుంటాం. ఇక్కడ నూనె తక్కువ కాబట్టి అది తేలదు. తేలలేదని మరో గరిటెడు పోయకండి. పచ్చివాసన పోయి, ముద్ద గిన్నె అంచులను వదులుతుంటే చాలు, వేగినట్టే.

ఇప్పుడు బఠాణీలు వేసి, కప్పు వేడినీళ్లు పోసి ఉడకనివ్వండి. బఠాణీలు మెత్తబడ్డాక పనీర్‌ ముక్కలు వేసి మూడు నిమిషాలే ఉంచండి. ఎక్కువసేపు మరిగితే పనీర్‌ రబ్బరులా సాగుతుంది. వేయించకుండా, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వేస్తే మెత్తగా ఉంటుంది. గరం మసాలా, అరచేతిలో నలిపిన కసూరీ మేథీ వేసి పొయ్యి కట్టేయండి.

చివరిది పాలు. టమాటా పులుపు తగిలితే పాలు విరుగుతాయి. అందుకే పాలలో బియ్యప్పిండి కలిపి, విడిగా ఒక పొంగు రానిచ్చి, పొయ్యి కట్టేసిన తర్వాతే గ్రేవీలో కొద్దికొద్దిగా కలపండి. పిండి పదార్థం పాలలోని ప్రొటీన్‌ గడ్డకట్టకుండా అడ్డుపడుతుంది. వెన్న సంగతికి తర్వాత వద్దాం.

మనకిది కొత్తేం కాదు

క్రీమ్‌ ప్యాకెట్లు రాకముందూ మన వంటిళ్లలో కమ్మటి కూరలున్నాయి. బీరకాయ, సొరకాయలతో పాలు పోసి చేసే కూరనే తీసుకోండి. కాయను దాని నీటిలోనే మగ్గించి, చివర్లో బియ్యప్పిండి కలిపిన పాలు పోసి దించుతాం. చింతపండు, టమాటా జోలికి పోం. పాలు విరగకుండా మన పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయమది. మజ్జిగ పులుసులో శనగపిండి కలపటం వెనకున్న కిటుకూ ఇదే. పిండి కలవని మజ్జిగ కాగితే నీళ్లు వేరు, విరుగు వేరు అవుతుంది.

గుత్తివంకాయలో నువ్వులు, పల్లీలు.. హైదరాబాదీ బఘారా బైంగన్‌, మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి.. కుర్మాలో గసగసాలు. వీటన్నింటిలోనూ చిక్కదనం రుబ్బిన గింజలదే. పైన పోసే నూనె తగ్గించుకుంటే ఇవీ ఇంటిల్లిపాదికీ నప్పే కూరలే.

కొబ్బరి విషయంలో మాత్రం చిన్న జాగ్రత్త. కొబ్బరిపాలు మొక్క నుంచి వచ్చినవే కదా, క్రీమ్‌ కన్నా మంచివని చాలామంది అనుకుంటారు. కొబ్బరిలో కొలెస్ట్రాల్‌ లేని మాట నిజమే. కానీ అందులోని కొవ్వులో అధిక భాగం సంతృప్త కొవ్వే. గుండెజబ్బు ఉన్నవారు చిక్కటి కొబ్బరిపాలనూ క్రీమ్‌తో సమానంగానే చూడాలి. జీడిపప్పు, నువ్వుల్లోనూ కొవ్వు ఎక్కువే. అయితే అందులో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వు. అలాగని గుప్పెళ్లకొద్దీ పోస్తే కేలరీలు పెరుగుతాయి, బరువూ పెరుగుతుంది. నలుగురికి 20 గ్రాముల జీడిపప్పు చాలు.

ఎవరి కంచంలో ఎంత?

గిన్నె మొత్తంలో వెన్న కలిపేస్తే అది వద్దన్నవారికీ వెళుతుంది. అందుకే వంటను తేలికగా చేసుకొని, అదనపు కమ్మదనాన్ని అవసరమైన వారి కంచంలోనే చేర్చండి. పక్కన పెట్టిన చెంచా వెన్న దీనికోసమే. వేడి కూర మీద పావు చెంచా వేస్తే వాసన ముందుగా ముక్కుకు తగులుతుంది. అదే వెన్న గ్రేవీలో మరిగితే జాడ తెలియదు.

* పిల్లలకు: ఎదిగే పిల్లలు, బరువు తక్కువున్నవారికి కంచంలో కాస్త వెన్న గానీ చెంచా మీగడ గానీ వేయొచ్చు. వయసుకు మించి బరువున్న పిల్లలకు ఇది అక్కర్లేదు.

* గుండెజబ్బు, అధిక కొలెస్ట్రాల్‌ ఉంటే: వెన్న మానేయండి. గ్రేవీ, బఠాణీలు ఎక్కువగా, పనీర్‌ ముక్కలు తక్కువగా వడ్డించుకోండి. పనీర్‌కు బదులు సోయాపాలతో చేసే టోఫూ వాడుకుంటే సంతృప్త కొవ్వు ఇంకా తగ్గుతుంది.

* అధిక రక్తపోటు ఉంటే: రోజుకు ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలి. అంటే సుమారు ఒక చెంచా. బజారు వెన్నలో ఉప్పు కలిపి ఉంటుంది. ఉప్పు లేని వెన్న ఎంచుకోండి. పక్కన పచ్చడి, అప్పడం పెట్టుకుంటే కూరలో ఉప్పు తగ్గించిన ఫలితం పోతుంది.

* మధుమేహం ఉంటే: కూర కన్నా దాంతో తినేవాటినే ఎక్కువ గమనించాలి. మైదాతో చేసిన నాన్‌, గిన్నెడు జీరా రైస్‌ గ్లూకోజును గబుక్కున పెంచుతాయి. ముందు కీరా, క్యారట్‌ ముక్కలు తిని, ఆ తర్వాత రెండు పుల్కాలతో కూర తినండి.

* బక్కచిక్కిన పెద్దవయసు వారికి: ఆకలి మందగించి, తిండి తగ్గిపోయినవారికి కేలరీలు, ప్రొటీన్‌ కావాలి. పనీర్‌ ముక్కలు రెండు ఎక్కువ వేయండి. గుండెజబ్బు లేకపోతే కాస్త వెన్న కూడా. పళ్లు లేనివారికి పనీర్‌ తురిమి కలిపితే నమలటం తేలిక.

* కిడ్నీ జబ్బు ఉంటే: టమాటా, గింజలు, పాల పదార్థాల్లో పొటాషియం, ఫాస్ఫరస్‌ ఉంటాయి. ఎంత తినొచ్చో వైద్యులను అడిగే తీసుకోవాలి. జీడిపప్పు, నువ్వులు పడనివారు ఇంట్లో ఉంటే వాటి బదులు ఉడికించిన గుమ్మడికాయ, పెసరపప్పు ముద్ద వాడుకోండి.

కొనేప్పుడు, దాచేప్పుడు

రెడీమేడ్‌ గ్రేవీ ప్యాకెట్‌ కొంటుంటే వెనకవైపు పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాస్తారు. ‘వెజిటబుల్‌ ఫ్యాట్‌’, చక్కెర మొదట్లోనే కనిపిస్తే అది మీరనుకున్న టమాటా గ్రేవీ కాదు. 100 గ్రాములకు సోడియం ఎంతో కూడా చూడండి. పనీర్‌ ప్యాకెట్‌ మీద ‘అనలాగ్‌’ అని ఉంటే పాల కొవ్వుకు బదులు వేరే నూనెలు కలిపారని అర్థం.

పనిరోజుల్లో తీరిక ఉండదు కాబట్టి వడకట్టిన ముద్దను రెట్టింపు చేసుకొని, పాలు కలపకముందే చిన్న డబ్బాల్లో డీప్‌ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. కావాల్సినప్పుడు ఒక డబ్బా తీసి, మగ్గించి, పనీరో గుడ్డో ఆలూయో వేసుకుంటే అరగంటలో కూర సిద్ధం. వండిన కూరనైతే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తిరిగి తినేప్పుడు లోపలిదాకా పొగలు కక్కేలా వేడిచేయాలి.

ఈ ఆదివారం ఒక గిన్నెతోనే సరిపెట్టి చూడండి. వెన్న డబ్బాను మాత్రం పొయ్యి దగ్గర కాకుండా భోజనాల బల్ల మీద, చిన్న చెంచాతో పాటు పెట్టండి. ఎవరికెంత కావాలో అక్కడే తేలిపోతుంది.