హీటరు లెక్క, ప్లగ్గు ముప్పు

విద్యుత్తు మన యిండ్లలోనికి వచ్చి యెన్నియో యేండ్లు గడచినను, దాని లెక్కను మిస్త్రీ పనియని విడిచిపెట్టు సోదరీమణులు పెక్కుమంది గలరు. పద్యమున గురులఘువులు లెక్కింపనేర్చినవారి కిది కష్టము గాదని మా నమ్మకము. ఒక భాగహారము, ఒక గుణకారము, అంతియే.

మా ఏర్గట్లకు చేరువనే పోచంపాడు వద్ద గోదావరిపై శ్రీరాంసాగర మున్నది. 1963లో నెహ్రూగారు దానికి శంకుస్థాపన చేసిరి. ఆ కాలువల నెరిగినవారికి విద్యుత్తును తెలుపుట సులభము. నీటిని ముందునకు త్రోయు ఒత్తిడివంటిది వోల్టేజి. దాని కొలత వోల్టు. పారెడు ప్రవాహమువంటిది కరెంటు, కొలత ఆంపియరు. కాలువలో గుర్రపుడెక్క పెరిగి నీటి నడ్డగించునట్లు తీగె కల్పించు నడ్డంకి నిరోధము, కొలత ఓము. 1827లో ఈ సంబంధమును గ్రంథరూపమున వెలువరించిన జార్జి సైమన్ ఓము జర్మనీదేశమున బడిపంతులుగా పనిచేసినవాడు.

స్నానమునకు నీళ్లు కాచు హీటరు రాడ్డును తీసికొందము. ఇంటికి వచ్చు వోల్టేజి 230. రాడ్డు లాగు కరెంటు 6.5 ఆంపియర్లు. 230ని 6.5తో భాగించిన సుమారు 35 ఓములు, అది నిరోధము. 230ని 6.5తో హెచ్చించిన 1,495, అనగా ఇంచుమించు 1,500 వాట్లు, అది సామర్థ్యము. సరిచూచుకొనుటకు తీగెలు ముట్టనక్కరలేదు. తక్కినవన్నియు ఆపి రాడ్డు నొక్కదానినే నీళ్లలో నుంచి పది నిమిషములు నడిపిన మీటరు పావు యూనిటు తిరుగును. వేయి వాట్లు గంటసేపు నడిచిన నొక యూనిటు గదా. కాకతీయ కాలువ మొదట నున్న పోచంపాడు విద్యుత్కేంద్రపు నాలుగు యంత్రములు నిండుగా తిరిగిన 36 మెగావాట్లు. ఇట్టి రాడ్లు 24,000 ఒక్కమారు పెట్టిన నది సరి!

నిరోధము రాడ్డులోనే యుండిన మేలు; వేరొకచోట చేరిన ముప్పు. ప్లగ్గు సాకెట్టులో వదులై, అచ్చట నొక్క ఓము నిరోధము చేరినదనుకొందము. కరెంటును కరెంటుతోనే హెచ్చించి, దానిని నిరోధముతో హెచ్చించిన నచ్చట పుట్టు వేడి తెలియును. అప్పుడు కరెంటు 6.3, వేడి సుమారు 40 వాట్లు. రేడియో బాగుచేయువాడు టంకము కరగించు కడ్డీకి 25 వాట్లు చాలును! ప్లగ్గు నల్లబడుటకు, ప్లాస్టికు కమురువాసనకు కారణ మిదియే. ఫ్యూజు మన నిట కాపాడదు. కరెంటు పెరిగిననే గదా అది తెగుట. ఇచ్చట కరెంటు కొంత తగ్గినది కూడ. కావున ప్లగ్గు వేడెక్కుట కనిపెట్టిన నాడే రాడ్డు పెట్టుట మాని, ప్లగ్గును సాకెట్టును రెంటిని మార్పింపవలెను. ఒక్కటి మార్చిన చాలదు.

యాసంగిలో వోల్టేజి 180కి దిగినదనుకొందము. రాడ్డు నిరోధము దాదాపు మారదు గనుక కరెంటు 5 ఆంపియర్లకు, సామర్థ్యము 900 వాట్ల దరిదాపునకు పడిపోవును. నీళ్లు కాగుట ఆలస్యమగును గాని రాడ్డునకు హాని లేదు. పెరటి బోరు మోటారు సంగతి వేరు. దానికి పై భాగహారము ఉన్నదున్నట్లు చెల్లదు. తోడవలసిన నీటి బరువు తగ్గదు గనుక, వోల్టేజి దిగినకొలది నది యెక్కువ కరెంటు లాగును. చుట్టలోని రాగితీగె కాగి పైపూత మాడును. మోటారును బోరులోనుండి పైకి లాగించి చుట్టించిన ఖర్చు నెరిగిన ఇల్లాండ్రు, వోల్టేజి ముల్లు 180 దగ్గర నుండగా మీట నొక్కరు.