మార్పు చేసిన మోటారు బండి: ఇంజను నుండి చక్రము దాకా

ఉద్దానపు తీరమున మోటారు బండికి శత్రువులు రెండు: ఒకటి ఇసుక, రెండవది ఉప్పుగాలి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతములలో కొబ్బరి, జీడి తోటల నడుమ సాగు బాటలు మెత్తనివి. ఆ బాటను దాటి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే అదే బండి వేగముగా పరుగెత్తవలెను. పలాస కర్మాగారములకు జీడిపిక్కలు చేరవేయు బండి దారిలో ఆగినచో నష్టము రూపాయలతో పోవును. కాని, మూత్రపిండముల వ్యాధి వేధించుచున్న ఈ సీమలో, రక్తశుద్ధి కొరకు వారమునకు రెండు మూడు సారులు ఆసుపత్రికి పోవలసిన మనిషి గల యింట బండి ఆగిపోవుట రూపాయలతో తేలునది కాదు.

1940ల చివర విల్లీస్ జీపులను మహీంద్రా సంస్థ బొంబాయిలో కూర్చుట ఆరంభించినది మొదలు, ఆ జాతి బండ్లు మన పల్లెబాటలకు పరిచితములు. వాటిని కొన్నవారు ఉన్నవి ఉన్నట్లు ఉంచలేదు. పెట్రోలు ఖర్చు భరింపలేక డీజిలు ఇంజను పెట్టించినవారు కలరు. ఇసుక కొరకు పెద్ద టైర్లు వేసినవారు, ఎక్కువమంది ఎక్కుటకు కమానుకట్టలను ఎత్తించినవారు కలరు. ప్రతి మార్పునకు ఒక ప్రయోజనము ఉన్నది, సందేహము లేదు. అయితే కర్మాగారమున ఇంజను, క్లచ్చి, గేరుబాక్సు, షాఫ్టు, ఇరుసు అన్నియు ఒకదానికొకటి సరిపడునట్లు లెక్కవేసి కూర్చబడినవి. అందులో ఒకటి మార్చినచో తక్కినవానిపై పడు భారము మారును. ఈ సంగతి మరచుటయే పెక్కు చిక్కులకు మూలము.

మార్పు చేయని బండి చెడినపుడు “ఏది అరిగినది?” అని అడుగవలెను. మార్పు చేసిన బండి చెడినపుడు అంతకు ముందే “మొదటినుండి సరిగా కుదరనిది ఏది?” అని అడుగవలెను. క్రొత్త క్రాసు వేసిన రెండు నెలలకే మరల విరిగినచో తప్పు క్రాసుది కాదు. మూడవ క్రాసు కొనుటకు పూర్వము, అది పనిచేయు కోణమును కొలువవలెను.

బండి క్రిందికి దూరుటకు ముందు కాగితము, కలము తీసికొనుడు. వచ్చుచున్న చప్పుడు గాని, అదురు గాని దేనితో మారుచున్నదో వ్రాసికొనుడు. బండి నిలిచియుండగా ఇంజను వేగము పెంచినను వచ్చుచున్నదా? వచ్చినచో మూలము ఇంజనువద్ద గాని, క్లచ్చివద్ద గాని ఉన్నది. గంటకు 50 కిలోమీటర్ల వేగమున వచ్చు అదురు, ఖాళీ దారిపై గేరును న్యూట్రలు చేసి బండిని సాగనిచ్చినపుడు కూడ అట్లే నిలిచినచో ఇంజను నిర్దోషి. షాఫ్టు, ఇరుసు, చక్రములలో వెదకవలెను. ఒక్క గేరులో మాత్రమే వచ్చు రొద ఆ గేరు జతది. ఆక్సిలరేటరు త్రొక్కినపుడు ఒక స్వరము, వదలినపుడు మరియొక స్వరము వినవచ్చినచో అది క్రౌను, పినియనులది కావచ్చును. మలుపులలో మాత్రమే వచ్చునది చక్రముల బేరింగులను గాని, డిఫరెన్షియలులోని చిన్న పండ్ల చక్రములను గాని సూచించును.

అదురును లెక్కతో కూడ గుర్తింపవచ్చును. గంటకు 60 కిలోమీటర్లు అనగా నిమిషమునకు 1000 మీటర్లు. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లయినచో చక్రము నిమిషమునకు సుమారు 450 సారులు తిరుగును. ఇరుసు నిష్పత్తి 5 అయినచో షాఫ్టు సుమారు 2270 సారులు తిరుగును. చక్రపు దోషము సెకనుకు ఏడెనిమిది సారులు ఊపును. స్టీరింగు ఊగుట చేతికి స్పష్టముగ తెలియును. షాఫ్టు తూకము తప్పినచో సెకనుకు 38 సారులు అదురును. అది ఊపువలె గాక, పాదముల క్రింద జుమ్మను రొదవలె తోచును. కోణముల దోషమైనచో అదురు దానికి రెట్టింపు.

ఇక క్లచ్చి. చదునైన చోట, ఎదుటివైపు ఎవరును లేకుండ చూచి, చేతిబ్రేకు బిగించి, పై గేరు వేసి, ఇంజను వేగము కొద్దిగ పెంచి, క్లచ్చి పెడలును మెల్లగ వదలుడు. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచునే యున్నచో ప్లేటు జారుచున్నది. ఈ పరీక్షను ఒక్కసారి కంటె ఎక్కువ చేయరాదు, ప్లేటు కాలును. జారుచున్నదని తెలియగానే గేరుబాక్సు దించనక్కరలేదు. మొదట పెడలునకు సుమారు ఒక అంగుళము వదులు ఉన్నదేమో చూడుడు. వదులు లేనిచో తీగను గాని, కడ్డీని గాని సరిచేయుటతోనే పని తీరవచ్చును. వదులు సరిగానే యుండి, క్రింద నూనె చుక్కలు కనిపించినచో నూనె ప్లేటును చేరియుండును. ఈ రెండును కానిచో, క్రొత్త ఇంజను త్రిప్పుబలమునకు పాత క్లచ్చి చాలదేమో ఆలోచింపవలెను. డీజిలు ఇంజను తక్కువ వేగముననే ఎక్కువ బలము నిచ్చును. ఇసుకలో ఆ బలమంతయు ప్లేటుమీదనే పడును.

క్లచ్చి వదలియుండగా న్యూట్రలులో వచ్చు గరగర, పెడలు త్రొక్కగానే ఆగినచో అది గేరుబాక్సు ముందు బేరింగుది. పెడలు త్రొక్కినపుడే వచ్చినచో రిలీజు బేరింగుది. ఈ బేరింగులు మార్చిన కొద్దికాలమునకే మరల చెడుచున్నచో, ఇంజనునకు గేరుబాక్సునకు నడుమ వేసిన మార్పు పలకను అనుమానింపుడు. క్రాంకుషాఫ్టు నడిగీత, గేరుబాక్సు షాఫ్టు నడిగీత ఒక్కటే కావలెను. మిల్లీమీటరులో పదవ వంతు తేడా కంటికి కనిపించదు, బేరింగునకు మాత్రము తెలియును. ఆ తేడాను డయలు గేజితో కొలిచి చూపుమని లేతుషాపువారిని కోరుడు. ఇది ఇంటిలో తీరు పని కాదు. కాని ఏమి అడుగవలెనో తెలిసి పోవుటయే సగము మరమ్మతు.

షాఫ్టును మాత్రము ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. చక్రములకు ముందు వెనుకలు దిమ్మలు పెట్టి, గేరు న్యూట్రలు చేసి, చేతితో షాఫ్టును పైకి క్రిందికి, అటునిటు కదల్చుడు. క్రాసువద్ద ఏ మాత్రము వదులు తెలిసినను అది పనికిరాదు. గిన్నెల చుట్టు ఎర్రని పొడి రాలుచున్నచో లోపలి సూదిరోలర్లు గ్రీజు లేక త్రుప్పుపట్టినవి. ఉప్పుగాలి సోకు ఈ తీరమున గ్రీజు గన్నునకు విరామము కూడదు; నీటిలో దిగి వచ్చిన ప్రతిసారియు క్రొత్త గ్రీజు కొట్టి, పాతది నీటితో సహా బయటకు వచ్చునట్లు చేయవలెను.

తరువాత కోణము. వంగిన క్రాసుద్వారా త్రిప్పబడు షాఫ్టు ఒకే వేగమున తిరుగదు. ప్రతి చుట్టులో రెండుసారులు వేగము హెచ్చి తగ్గును. 10 డిగ్రీల వంపున ఈ భేదము నూటికి ఒకటిన్నర, 20 డిగ్రీల వంపున సుమారు 6. రెండవ చివరి క్రాసు అంతే వంపుతో ఎదురు పనిచేసినపుడు ఈ హెచ్చుతగ్గులు సరిపోవును. కమానుకట్టలు ఎత్తించినపుడు ఈ సమత తప్పును. బడిపిల్లల కోణమానిని, దారము, దారము చివర కట్టిన ఒక నట్టు చాలును. నేడు చేతిఫోనులోని మట్టపు సాధనము కూడ పనికివచ్చును. గేరుబాక్సు షాఫ్టు వాలు, నడిమి షాఫ్టు వాలు, పినియను వాలు మూడింటిని కొలువుడు. గేరుబాక్సు 4, నడిమి షాఫ్టు 14, పినియను 4 డిగ్రీలయినచో రెండు వంపులును 10, సమానము. పినియను 9 అయినచో వెనుక వంపు 5 మాత్రమే, అదురు తప్పదు. భేదము ఒక డిగ్రీలోపున నుండవలెను. రహదారిపై వేగముగా పోవు బండికి వంపులు 3 డిగ్రీలు మించకుండుట శ్రేయస్కరము.

సరిచేయు విధము: కమానుకట్టకును ఇరుసు పీఠమునకును నడుమ ఏటవాలు ఉక్కు పలకలు వేసి, యూ-బోల్టులు బిగించి, కొన్ని కిలోమీటర్లు నడిపిన పిమ్మట మరల బిగింపవలెను. షాఫ్టు విప్పుటకు ముందు రెండు ముక్కలపై రంగుతో గీత పెట్టుకొనుడు. రెండు చివరల కొమ్ములు ఒకే తలమున ఉండనిచో కోణములు సరియైనను అదురు పోదు. ఎత్తించిన బండిలో జారుకీలు మరీ బయటకు లాగబడినదేమో కూడ చూడుడు. పరుగులో అది ఊడినచో షాఫ్టు రోడ్డునకు గ్రుచ్చుకొని బండి పల్టీకొట్టగలదు. షాఫ్టును పొడిగించి తూకము వేయించుట లేతుషాపు పని. దానిని వాయిదా వేయరాదు.

ఇరుసులోని నూనెను సంవత్సరమున కొకసారియైన చూడవలెను. పాలవలె తెల్లబారినచో నీరు చేరినది. ఇందుకు తరచు కారణము, పైనున్న చిన్న గాలిగొట్టము బురదతో మూసికొనిపోవుట. వేడెక్కిన ఇరుసు గెడ్డలోని చల్లని నీటిలో దిగినపుడు లోపలి గాలి కుంచించును. గొట్టము మూసియున్నచో సీలు సందున నీటినే లోనికి పీల్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. అట్టి తుఫానులలో నీట మునిగిన బండిని నూనెలన్నియు మార్చక నడుపరాదు. నూనె తీసినపుడు అడుగు బోల్టునకు అంటిన బూడిదరంగు పసరు సహజము. ఉక్కు ముక్కలు కనిపించినచో క్రౌను, పినియను పండ్లు విరిగినవని అనుమానింపవలెను.

నాలుగు చక్రములకు శక్తినిచ్చు లివరు ఇసుకకు మాత్రమే. పాత జీపులలో ముందు వెనుక ఇరుసుల నడుమ డిఫరెన్షియలు లేదు; తారురోడ్డుపై ఆ లివరు వేసియుంచినచో శక్తి షాఫ్టులలో మెలిపడి, లివరు బిగిసిపోవును, క్రాసులు విరుగును. ముందు వెనుక టైర్లు వేర్వేరు కొలతలవైనచో తిన్నని దారిపై కూడ ఇదే జరుగును.

పని చేయునపుడు జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి పోరాదు. ఇసుకనేలపై జాకీ క్రుంగును. వెడల్పు పలక వేసి, ఇనుప స్టాండు నిలిపిన తరువాతనే దూరవలెను. ఇటుకలు పగులును. ఒక చక్రము మాత్రమే ఎత్తి గేరులో ఇంజను నడుపరాదు. నేలనున్న రెండవ చక్రము బండిని ముందుకు త్రోయును.

ఒక మాట చట్టమును గురించి. తయారీదారు నిర్దేశములకు, రిజిస్ట్రేషను పత్రమునకు భిన్నమగు మార్పులను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నియంత్రించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు కూడ దీనిని గట్టిగ చెప్పినది. ఇంజను మార్పును రవాణా కార్యాలయమున అనుమతితో నమోదు చేయింపనిచో, ప్రమాదవేళ బీమా విషయమున చిక్కు రావచ్చును.

ఇంటివద్ద చేయదగినవి స్వల్పములే: వినుట, వ్రాయుట, కొలుచుట, గ్రీజు పెట్టుట, నూనె మార్చుట, బోల్టులు బిగించుట. కాని కొలత వ్రాసిన కాగితము చేతబట్టి మెకానిక్కు వద్దకు పోవువానికి, పనికిరాని విప్పుడు పనుల ఖర్చు తప్పును. అన్నిటికంటె ముఖ్యముగా, తెల్లవారగనే ఆసుపత్రికి బయలుదేరవలసిన నాడు బండి కదలును.