సదస్సు జూన్‌లో... మందు నవంబరులో!

ప్రపంచ ఆరోగ్యం, పర్యావరణం మీద విశ్వవిద్యాలయాల్లో ఏటా సభలు జరుగుతూనే ఉంటాయి. ఆ మాటలు అందరికన్నా ముందు వినాల్సినవాళ్లకు మాత్రం ఆ రోజు తీరిక ఉండదు.

జూన్ 5 వస్తుందంటే యూనివర్సిటీల్లో సందడే సందడి. ప్రపంచ పర్యావరణ దినోత్సవం కదా... బ్యానర్లు, ర్యాలీ, నాలుగు మొక్కలు, మధ్యాహ్నం దాకా సదస్సు. ఏప్రిల్ 7న ప్రపంచ ఆరోగ్య దినోత్సవానికీ దాదాపు ఇదే వరస. భూతాపం నుంచి విషరసాయనాల దాకా పెద్ద సంగతులే మాట్లాడతారు. మాట్లాడాల్సినవే, తప్పేం లేదు. కానీ ఒక్కసారి ఆ తేదీల్ని పల్నాడు జిల్లా క్రోసూరు పొలాల పక్కన పెట్టి చూడండి.

ఏప్రిల్ మొదటివారంలో మిరపకాయ కళ్లంలో ఉంటుంది. ఆడవాళ్లు తాలుకాయలు ఏరుతుంటారు. మగవాళ్ల చెవులు గుంటూరు యార్డు ధర మీద. జూన్ మొదటివారంలో తొలకరి కోసం ఎదురుచూపులు, పత్తి విత్తనాల కోసం తిరుగుళ్లు. పురుగుమందు రాజ్యం మొదలయ్యేది ఆ తర్వాతే. పత్తికి ఆగస్టు నుంచి, మిరపకు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా. అంటే, మందు గురించి చెప్పాల్సిన నెలల్లో సభ ఉండదు. సభ పెట్టిన నెలల్లో మందు కొట్టే పని పెద్దగా ఉండదు!

నిజానికి పర్యావరణ సభలు పుట్టిన తీరు వేరు. 1970 మార్చిలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నాలుగు రోజుల పాటు బహిరంగ చర్చ పెడితే విద్యార్థులే కాదు, ఊళ్లోవాళ్లూ వేలాదిగా వచ్చారు. మరుసటి నెలలోనే తొలి ధరిత్రీ దినోత్సవం. దానికి ఆద్యుడు సెనేటర్ గేలార్డ్ నెల్సన్. ఏప్రిల్ 22నే ఎందుకు ఎంచుకున్నారంటే... కాలేజీల వసంతకాలపు సెలవులకూ, ఏడాది చివరి పరీక్షలకూ మధ్య పడే రోజు కాబట్టి. వినేవాళ్ల వీలు చూసి ముహూర్తం పెట్టారన్నమాట. ఆ రోజు పాల్గొన్నవాళ్లు 2 కోట్ల మందని అంచనా. అక్కడ విద్యార్థుల పరీక్షలు చూసినట్టే ఇక్కడ రైతు పంట చూడొద్దా?

చూడాలి. ఎందుకో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. మన దేశంలో మూడు గ్రామాల పత్తి రైతులకు, పని చేసే ఆడవాళ్లకు మందు కొట్టిన ప్రతిసారీ ఒంట్లో ఎలా ఉందో రాసుకోమన్నారు. 2005లో ఫలితాలు వచ్చాయి. నమోదైన 323 సందర్భాల్లో 83 శాతానికి పైగా ఏదో ఒక విషలక్షణం కనిపించింది. కొన్నిసార్లు పరిస్థితి బాగా విషమించింది కూడా. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు... ఒక్కరూ లేరు!

ఆ అధ్యయనంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఆడవాళ్లది. పంపు పట్టేది మగవాడు కాబట్టి ప్రమాదమంతా అతనికే అనుకుంటాం. బిందెలతో నీళ్లు మోసి, చిక్కటి మందును డ్రమ్ములో కలిపి, పంపులో పోసేది చాలాచోట్ల ఆడవాళ్లే. నీళ్లు కలవకముందు మందు ఎంత ఘాటుగా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నోట్లోకే పోనక్కర్లేదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. నరాలకూ కండరాలకూ మధ్య సంకేతాలను అదుపులో ఉంచే ఒక ఎంజైమును పని చేయనివ్వవు. ఒళ్లంతా చెమటలు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం. ఇంట్లోవాళ్లు ‘ఎండదెబ్బ’ అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెడతారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ పత్తిచేలలో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయాకే దేశం ఉలిక్కిపడింది.

‘ప్రపంచ పర్యావరణం’ అంటే ఎక్కడిదో అనుకుంటాం గానీ, అది అడక్కుండానే మన చేలోకి వస్తుంది. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. 2021లో ఉమ్మడి గుంటూరు జిల్లా మిరప పూత మీద విరుచుకుపడింది. రైతులు మందు మీద మందు కొట్టారు. పురుగు లొంగలేదు. చాలామందికి ఖర్చే మిగిలింది.

మరి ఊరికీ యూనివర్సిటీకీ మధ్య దారే లేదా? ఉంది. జాతీయ సేవా పథకం 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది, మిషిగన్ చర్చకన్నా ముందే. ఏడు రోజులు పల్లెలో క్యాంపు వేసే పద్ధతి ఇప్పటికీ ఉంది. గుంటూరు పక్కన లాంలో ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి ఏడాదిలో కొన్నాళ్లు ఊళ్లోనే ఉండి పని నేర్చుకోవాలి. ‘పొలంబడి’ సంగతి సరేసరి. 1989లో ఇండోనేషియా వరిచేలలో పుట్టిన ఈ పద్ధతిలో పాఠమంతా చేలోనే, పంటకాలమంతా. తేదీలు పంట చెప్పినట్టే పడతాయి. లోటల్లా ఒక్కటే... అక్కడ పురుగు ఆరోగ్యం గురించి మాట్లాడినంతగా మనిషి ఆరోగ్యం గురించి మాట్లాడరు. వారానికో గంట ప్రభుత్వ డాక్టరో, మెడికల్ కాలేజీ విద్యార్థులో వచ్చి కూర్చుంటే?

క్యాలెండర్లో ఒక తేదీ మాత్రం క్రోసూరుకు సరిగ్గా కుదురుతుంది. డిసెంబరు 2, జాతీయ కాలుష్య నియంత్రణ దినం. 1984లో ఆ రాత్రే భోపాల్‌లో విషవాయువు వెలువడింది. అక్కడి ఫ్యాక్టరీలో ఆ రసాయనంతో తయారు చేసేది కూడా పురుగుమందే, కార్బరిల్. ఆ రోజున మిరపచేలు పూతా కాతా మీద ఉంటాయి, పంపులు పని మీద ఉంటాయి. సభ ఊళ్లోనే పెట్టొచ్చు. పెద్ద ఉపన్యాసాలు అక్కర్లేదు. డబ్బా మీది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ... ఈ వరస చూపిస్తే చాలు. మందు కలిపే చేతికి తొడుగు, గాలికి ఎదురుగా కొట్టకపోవడం, ఆ బట్టలు విడిగా ఉతకడం, ఒంట్లో తేడాగా ఉంటే 108కి ఫోన్ చేసి డబ్బానో దాని లేబులునో వెంట తీసుకెళ్లడం. ఏ మందో తెలిస్తే డాక్టరుకు విరుగుడు వెతుక్కునే పని తప్పుతుంది.

పొద్దునపూట మాత్రం పెట్టొద్దు. మంచు ఆరగానే అందరూ చేలో ఉంటారు. రాత్రి అన్నాలు తిన్నాకైతే డ్రమ్ములో మందు కలిపేవాళ్లూ వస్తారు.