నెలవంకకూ సెలవులకూ నడుమ

హిందూపురం నుండి కొడికొండ చెక్‌పోస్టు వద్ద జాతీయ రహదారి ఎక్కి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటితే దేవనహళ్లి విమానాశ్రయం వస్తుంది. ప్రయాణం సుమారు రెండు గంటలు. 2008లో ఆ విమానాశ్రయం ప్రారంభమైనది మొదలు గల్ఫ్ దేశాలు మన ప్రాంతానికి బాగా చేరువయ్యాయి. గల్ఫ్ అనగానే మనకు డ్రైవర్లు, ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు, దుకాణాల్లో పనిచేసే యువకులు గుర్తుకు వస్తారు. అక్కడి భారతీయ పాఠశాలల్లో గణితం, భౌతికశాస్త్రం, ఆంగ్లం బోధిస్తున్న ఉపాధ్యాయులు, ఉపాధ్యాయినుల ప్రస్తావన మాత్రం తక్కువే. ఉపాధ్యాయవృత్తిలో సెలవులకు కొదువ లేదు కదా, వారికేం కష్టం అనే భావన ఇందుకు కొంత కారణం కావచ్చు. సెలవులున్న మాట నిజమే. అవి ఎప్పుడు వస్తాయన్నదే ప్రశ్న.

గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలల్లో అధిక భాగం సి.బి.ఎస్.ఇ. పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఎండలు నిప్పులు చెరిగే జూలై, ఆగస్టు మాసాలలో పెద్ద సెలవులు. మన రాష్ట్రంలోనైతే వేసవి సెలవులు ఏప్రిల్ చివరలో మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. భార్యాపిల్లలను ఊళ్ళో వదలి వెళ్ళిన ఉపాధ్యాయుడు జూలైలో ఇల్లు చేరేసరికి అతని పిల్లలు యూనిఫారాలు వేసుకొని బడికి బయలుదేరుతుంటారు. ఏడాది పొడవునా పరాయి పిల్లలకు పాఠాలు చెప్పి వచ్చిన తండ్రికి స్వంత పిల్లలు సాయంత్రం ఐదు తరువాత గాని దొరకరు.

ఈ రెండు క్యాలెండర్లూ సూర్యుణ్ణి అనుసరించేవే. మన పండుగలు చంద్రుణ్ణి అనుసరిస్తాయి. హిజ్రీ సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఈద్ ఒక ఋతువును విడిచి మరో ఋతువులోకి మెల్లగా సాగిపోతుంది. 2012 నుండి 2016 వరకు ఈదుల్ ఫిత్ర్ జూలై, ఆగస్టు మాసాలలో వచ్చింది. ఆ అయిదేళ్ళూ గల్ఫ్ ఉపాధ్యాయుల ఇళ్ళలో షీర్ ఖుర్మా గిన్నె చుట్టూ అందరూ కూర్చున్నారు. తరువాత కొన్నేళ్ళు బక్రీద్ ఆ సెలవుల్లోకి వచ్చింది: 2018లో మన దేశంలో ఆగస్టు 22న, 2019లో ఆగస్టు 12న. ఆ వెంటనే కరోనా వచ్చిపడింది. 2020 మార్చి 23న నిలిచిపోయిన అంతర్జాతీయ సాధారణ విమాన సర్వీసులు 2022 మార్చి 27న గాని పునఃప్రారంభం కాలేదు. ప్రత్యేక విమానాలలో చోటు దొరికినవారు వచ్చారు. సెలవులూ పండుగా కలిసివచ్చిన ఆ రెండేళ్ళూ మిగిలినవారికి దక్కలేదు.

ఇప్పుడు రమజాన్ ఫిబ్రవరి, మార్చి మాసాలలోకి వచ్చింది. ఉపాధ్యాయునికి ఇంతకంటే ఊపిరి సలపని కాలం మరొకటి లేదు. 2025నే తీసుకోండి. సౌదీలో మార్చి 1న ఉపవాసాలు మొదలయ్యాయి. సి.బి.ఎస్.ఇ. పదో తరగతి పరీక్షలు మార్చి 18 వరకు, పన్నెండో తరగతి పరీక్షలు ఏప్రిల్ 4 వరకు జరిగాయి. ఈద్ వాటి మధ్యలో వచ్చింది. నాలుగైదు రోజుల ఈద్ సెలవుల కోసం రాకపోకల టికెట్టు కొనాలంటే, అందులోనూ పండుగ రద్దీలో కొనాలంటే, మధ్యతరగతి జీతానికి భారమే.

రమజాన్‌లో పని వేళలు తగ్గుతాయన్నది నిజం. సౌదీ కార్మిక చట్టం ముస్లిం ఉద్యోగులకు ఆ మాసంలో రోజుకు ఆరు గంటలకు మించి పని ఉండరాదంటుంది. పాఠశాలలు ఆలస్యంగా మొదలవుతాయి, పీరియడ్లు కుదించబడతాయి. అయితే సిలబస్ కుదించబడదు, దిద్దవలసిన జవాబు పత్రాలూ తగ్గవు. సహరీకి లేచిన ఉపాధ్యాయిని నాలుగు తరగతులు చెప్పి, ఇంటికి వచ్చి, అస్ర్ తరువాత వంటగదిలోకి అడుగుపెడుతుంది. మన దేశ కాలమానం సౌదీ కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. హిందూపురంలో ఇఫ్తార్ ముగిసి జనం తరావీహ్‌కు మస్జిదు దారి పట్టే వేళకు రియాద్‌లో సూర్యుడు అస్తమిస్తుంటాడు. ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోవడం ఫోన్లో కూడా కుదరదు.

ఈద్ ఉదయం మరీ విచిత్రం. అక్కడ సూర్యోదయమైన కొద్దిసేపటికే నమాజు జరుగుతుంది. ఏడు గంటలకల్లా ఆలింగనాలు పూర్తి. ఒంటరిగా ఉండేవారు గదికి వచ్చి జుహ్ర్ వరకు నిద్రపోతారు. నిద్రపోయేముందు ఇంటికి ఫోన్ చేసి "ఈద్ ముబారక్ అమ్మీ" అంటే, అవతలి నుండి "మాకింకా ఒక రోజా ఉంది బేటా" అని జవాబు వస్తుంది. 2024లో సౌదీలో ఏప్రిల్ 10న ఈద్, మనకు 11న. 2025లో అక్కడ మార్చి 30, ఇక్కడ 31. తల్లి పండుగ చేసుకునే రోజుకు కొడుకు పండుగ పాతబడిపోతుంది.

రమజాన్ మధ్యలో స్వదేశానికి వచ్చేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. 2024లో సౌదీలో మార్చి 11న ఉపవాసం ప్రారంభించి చివరి పదిరోజుల్లో మన దేశానికి వచ్చిన వ్యక్తికి మొత్తం 31 ఉపవాసాలు అయ్యాయి. 2025లో ఇక్కడ మార్చి 2న ప్రారంభించి, మధ్యలో అటు వెళ్ళిన వ్యక్తికి ఈద్ నాటికి 28 మాత్రమే అయ్యాయి. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరివారితోనే ఉపవాసం, ఆ ఊరివారితోనే ఈద్ అని ఉలమా చెబుతారు. 31వది అదనమని మానరాదు. 28తో ఆగినవారు మాసం 29 కంటే తక్కువ ఉండదు గనుక తరువాత ఒకటి పూర్తిచేయాలి. ఫిత్రా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఊళ్ళోని పేద బంధువులకు చేరాలని డబ్బు పంపేవారు కొద్దిరోజులు ముందే పంపాలి. అక్కడ ఈద్ నమాజు ముగిసేనాటికి ఇక్కడ ఇంకా ఉపవాసమే నడుస్తుంటుంది గనుక, ఎప్పుడు అందజేయాలో స్థానిక ఆలిమ్‌ను ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది.

కుటుంబాన్నే వెంట తీసుకువెళ్తే సరిపోదా అని అడుగుతారు. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగులపై ఆధారపడిన ప్రతి కుటుంబసభ్యునికీ నెలకు 100 రియాళ్ళ రుసుము విధించింది. ఏటా వంద చొప్పున పెరిగి అది 2020లో 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. భారతీయ పాఠశాల ఇచ్చే జీతంలో అది చిన్న మొత్తం కాదు. అనేక కుటుంబాలు తిరిగి వచ్చాయి, జీతం తెచ్చే ఒక్కరే అక్కడ మిగిలారు. నా అభిప్రాయంలో, భార్యాభర్తలిద్దరూ అక్కడే ఉండగలిగితే కొంత తగ్గించుకొనైనా ఉండటం మేలు. కుదరనివారు డబ్బు లెక్కతో పాటు ఈ పండుగల లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఒప్పంద పత్రంపై సంతకం చేసే ముందు "జీతమెంత" అని అడిగేవారు, "సెలవులెప్పుడు" అని అడగడం తక్కువ. పిల్లల సెలవులకు అనుగుణంగా కుటుంబాన్నే మే నెలలో సందర్శన వీసాపై రప్పించుకునేవారు ఉన్నారు. తరగతులు నడుస్తున్నా సాయంత్రాలైనా కలిసి గడుస్తాయి.

లెక్కల మాస్టారు ఎలాగూ లెక్క వేయగలడు. ఈదుల్ ఫిత్ర్ మళ్ళీ జూలై, ఆగస్టు సెలవుల్లోకి రావడానికి 2044 దాకా ఆగాలి. ఈనాడు ముప్పై ఏళ్ళవాడికి అప్పటికి యాభై సమీపిస్తుంది. అంతకుముందే శీతాకాలపు సెలవులున్నాయి. ఖగోళ గణన ప్రకారం 2033లో ఈదుల్ ఫిత్ర్ రెండుసార్లు వస్తుంది, జనవరి మొదటి వారంలో ఒకసారి, డిసెంబరు చివరి పదిరోజుల్లో మరొకసారి. నెలవంక ఎలాగూ కంటికి కనబడాలి. టికెట్టు మాత్రం కాస్త ముందుగానే తీసుకోవచ్చు.