పొగ చెప్పే రోగం!

పాత డీజిల్ బండి కాస్త ఎక్కువ పొగ వదిలితే చాలు... 'ఇంజిను బోరుకొచ్చింది' అన్న మాటే ముందు వినిపిస్తుంది. అది నమ్మి ఇంజిను దింపించేస్తే జేబుకు పెద్ద చిల్లే. తీరా చూస్తే, తప్పంతా దుమ్ము పట్టిన ఎయిర్‌ఫిల్టర్‌దో, డీజిల్ కారుతున్న నాజిల్‌దో అయ్యుండొచ్చు. దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ కూడా ఉంది. తెల్లపొగను 'చలికి వస్తోందిలే' అని వదిలేస్తే నిక్షేపంలాంటి ఇంజిను పట్టేస్తుంది. అది జీపైనా, స్కూలు వ్యానైనా, లారీ అయినా సరే... పొగ రంగు, వాసన, వచ్చే వేళ... ఈ మూడూ గమనిస్తే షెడ్డుకు వెళ్లకముందే సగం సంగతి తెలిసిపోతుంది.

ఆ నాలుగూ కుదరాలి

డీజిల్ ఇంజిన్లో స్పార్క్‌ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదిహేను నుంచి ఇరవై రెట్ల దాకా నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చల్లుతుంది. వేడిగాలి తగలగానే అది తనంతట తానే అంటుకుంటుంది. జర్మనీ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ 1890ల్లో రూపొందించిన ఈ పద్ధతి మూలసూత్రం ఇప్పటికీ మారలేదు.

అంటే తగినంత గాలి, తగినంత వేడి, సన్నటి తుంపర, సరైన సమయం... నాలుగూ కుదరాలి. ఏది తప్పినా డీజిల్ పూర్తిగా కాలదు, పొగ మొదలవుతుంది. ఇవి కాకుండా, సిలిండర్లోకి రాకూడని ఇంజినాయిలో, నీళ్లో వచ్చినా పొగే. కాకపోతే రంగు మారుతుంది.

నల్లగా వస్తే...

డీజిల్ ఎక్కువైంది, లేదా గాలి తక్కువైందని అర్థం. సరిగా కాలని డీజిల్ మసిగా మారి బయటికొస్తోందన్నమాట. మొదట చూడాల్సింది ఎయిర్‌ఫిల్టర్‌నే. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి అది అనుకున్నదానికంటే ముందే మూసుకుపోతుంది. టర్బో ఉన్న బండైతే, టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టం చిరిగిందేమో, క్లిప్పు వదులైందేమో చూడాలి. పికప్ తగ్గి, ఎక్సలేటర్ నొక్కినప్పుడు గాలి బుస్సుమంటుంటే అనుమానం అక్కడే.

గాలి దారి బాగుంటే అప్పుడు నాజిళ్లు, డీజిల్ పంపు. అరిగిన నాజిల్ తుంపర చల్లడం మానేసి చుక్కలు రాలుస్తుంది. పికప్ కోసమని పంపులో డీజిల్ పెంచించినా ఇదే పరిస్థితి. అధిక లోడూ కారణమే. టర్బో లేని పాత బండి ఊటీలాంటి ఎత్తైన చోట్లకు వెళ్తే గాలి పలచబడి పొగ కాస్త పెరుగుతుంది. కిందికి దిగాక తగ్గిపోతే కంగారు అక్కర్లేదు.

నీలిగా వస్తే...

ఇంజినాయిలు కాలుతోంది. ముందుగా డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిలు గుర్తుకు మించి పోసి ఉంటే, అదే పొగకు కారణం కావచ్చు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున్నే ఒకసారి నీలిపొగ వదిలి తర్వాత శుభ్రపడితే వాల్వు సీళ్ల మీద అనుమానం. నడుస్తున్నంతసేపూ, ముఖ్యంగా లోడుతో వెళ్తున్నప్పుడు వస్తుంటే రింగులు, లైనర్లు అరిగి ఉండొచ్చు. ఇంజిను ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిలు పోసే మూత వదులు చేస్తే అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున ఎగదన్నుతుందా? రింగుల అనుమానం బలపడినట్టే.

అయితే టర్బో సీలు పోయినా నీలిపొగ వస్తుంది. టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే గొట్టం విప్పితే లోపల ఆయిలు మడుగు కట్టి కనిపిస్తుంది. దీన్ని నాన్చకూడదు. ఆయిలు ధారగా లోపలికి వెళ్తే ఇంజిను దాన్నే ఇంధనంగా తాగి, తాళం తీసేసినా ఆగకుండా పరుగులు పెడుతుంది. గేర్ల బండైతే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేయాలి. ఇంజిను దగ్గరికి ఎవర్నీ వెళ్లనివ్వకూడదు.

తెల్లగా వస్తే...

అసలు చిక్కంతా ఇక్కడే. తెల్లపొగ రెండు రకాలు. ఒకటి అసలు కాలకుండా ఆవిరైన డీజిల్. ఘాటైన వాసన, కళ్లు మండుతాయి. లంబసింగి చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు ఇలా రావడం మామూలే. ఇంజిను వేడెక్కినా తగ్గకపోతే మాత్రం కంప్రెషన్, నాజిళ్లు, పంపు టైమింగ్ చూపించాలి. హీటర్ ప్లగ్గులున్న బండ్లలో వాటినీ పరీక్షించాలి.

రెండోది నీటి ఆవిరి. కూలెంట్ పోసిన బండైతే తియ్యటి వాసన తగులుతుంది, ఉత్త నీళ్లు పోస్తే వాసనే ఉండదు. తేల్చేది రేడియేటరే. రోజూ నీళ్లు తగ్గుతున్నాయా? బయట ఎక్కడా కారడం లేదా? అయితే హెడ్ గ్యాస్కెట్ పోయిందనో, హెడ్డుకు పగులు వచ్చిందనో అనుమానించాలి. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఇక బండి కదపకూడదు. సిలిండర్లో నీళ్లు నిండితే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. అన్నట్టు, రేడియేటర్ మూత ఇంజిను చల్లారాకే తీయాలి.

ఏ సిలిండర్‌ది తప్పు?

పాత తరం పంపున్న ఇంజిన్లలో మెకానిక్కులకు ఓ చిట్కా ఉంది. ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టునూ కాస్త వదులు చేస్తారు. బాగున్న సిలిండర్ అయితే ఇంజిను శబ్దం మారి తడబడుతుంది. ఏ నట్టు వదిలితే తేడా రాదో, పొగ తగ్గుతుందో... లోపం అక్కడ! కామన్‌రైల్ ఇంజిన్లలో మాత్రం ఈ పని చేయనే కూడదు. అక్కడ డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది. సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోగలదు.

ఇంటిల్లిపాదికీ సంబంధమే

పొగ బండికే కాదు, వెనక వచ్చేవాళ్లకూ చేటే. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చింది. అందుకే మూసిన షెడ్డులో ఇంజిను ఆన్ చేసి ఈ పరీక్షలేవీ చేయకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం వెళ్తే, పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటోందో యంత్రం కొలుస్తుంది. బీఎస్-4 కంటే ముందు వచ్చిన డీజిల్ బండ్లకు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, బీఎస్-4 బండ్లకు 50 యూనిట్లు పరిమితి. అయితే ఆ యంత్రం పొగ ఎంతో చెబుతుందే తప్ప, ఎందుకో చెప్పదు. అది కనిపెట్టాల్సింది బండి నడిపేవారే.

ఇందుకు ఓ వారం చాలు. పొద్దున్నే ఇంజిను చల్లగా ఉండగా ఆయిలు, నీళ్ల మట్టం చూసి రాసుకోవాలి. పొగ ఎప్పుడొచ్చిందో, ఏ రంగులో వచ్చిందో, ఎంతసేపు ఉందో పక్కనే రాయాలి. తర్వాత షెడ్డుకు వెళ్లి 'పొగొస్తోంది' అని ఊరుకోకుండా, 'పొద్దున ఐదు నిమిషాలు తెల్లగా వస్తోంది, కళ్లు మండుతున్నాయి, రేడియేటర్లో నీళ్లు మాత్రం తగ్గట్లేదు' అని చెప్పండి. మెకానిక్ చెయ్యి ముందుగా హెడ్డు బోల్టుల మీదికి కాకుండా నాజిళ్ల వైపు వెళ్తుంది. ఇంజిను దింపే ఖర్చు మిగిలినా మిగలొచ్చు!