నాలుగు రంగుల కొయ్యముక్క

స్కాట్లండు దేశమున క్లైడు నదీ జలపాతముల చెంత, లోయలో ఒదిగియున్న న్యూ లానార్కు అను ఊరి నూలుమిల్లులలో పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ల అడుగిడిన వానికి, మొదట దూదిధూళియు, చెవులు చిల్లులుపడు యంత్రఘోషయు తప్ప వేరేమియు తోచకపోయినను, కొంత నిదానించి చూచినచో, ప్రతి పనివాని చెంతను వ్రేలాడుచున్న రెండంగుళముల కొయ్యముక్క యొకటి కంటబడెడిది. దాని నాలుగు ముఖములకును నాలుగు రంగులు. నిన్నటి దినమున ఆ పనివాని నడవడి చెడ్డదైనచో నలుపు, అంతంతమాత్రమైనచో నీలము, మంచిదైనచో పసుపు, మిక్కిలి మంచిదైనచో తెలుపు ముందునకు వచ్చునట్లు పర్యవేక్షకుడు దానిని త్రిప్పి పోవును. తిట్టు లేదు, కొట్టు లేదు. యజమానియగు రాబర్టు ఓవెన్ వరుసలవెంట నడచుచు, రంగు వంక ఒకమారు, మనిషి వంక ఒకమారు చూచి, పెదవి కదపక సాగిపోయెడివాడు.

దినదినము ఆ రంగు నడవడి పుస్తకమున కెక్కును. ఎక్కుటకు ముందే, తనకు అన్యాయము జరిగినదని తోచిన పనివాడు నేరుగా ఓవెన్ కడకు వచ్చి మొరపెట్టుకొనవచ్చును. ఈ ఏర్పాటునకు ప్రాణస్థానము రంగు గాదు, ఈ మొరయే యని నా తలపు. అది లేనిచో ముఖము చూచి బొట్టు పెట్టుటకు ఆ కొయ్యముక్కను మించిన పనిముట్టు ఉండదు.

మన సర్కారు కచేరీలలో దీనికి సరిగా విలోమమైన వస్తువొకటి చిరకాలము రాజ్యమేలినది. గుమస్తా మొదలు ఇంజనీరు వరకు అందరును 'సీ.ఆర్.' అని భయభక్తులతో స్మరించెడి ఆ రహస్య నివేదికను పై అధికారి ఏడాదికొకమారు వ్రాసి బీరువాకు తాళము వేయును. మరీ చెడ్డమాట వ్రాసిననే గాని ఉద్యోగికి ఎరిగించుట ఆచారము గాదు. సరిహద్దు రహదారుల శాఖలోని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఒకరికి 1993-94 సంవత్సరమునకు 'మంచిది' అని వ్రాసిరి. మంచిమాటయే కదా యని ఎవరును ఆయనకు చెప్పలేదు. తీరా ప్రమోషను నాటికి 'చాల మంచిది' అనిపించుకొన్నవారే అర్హులని తేలి, ఆ మంచిమాటయే ఆయన కాళ్లకు అడ్డుపడెను. మంచిదైనను చెడ్డదైనను ప్రతి వ్రాతను ఉద్యోగికి తెలుపవలసినదేనని 2008లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అనగా, ఓవెన్ కొయ్యముక్క మన బీరువాలలోనుండి వెలుపలికి వచ్చుటకు రమారమి రెండువందల ఏండ్లు పట్టినదన్నమాట!

తిట్టుటవలన పని జరుగునని నమ్మువారు నేటికిని కలరు. నేను కొలువున చేరిన క్రొత్తలో మా సూపరింటెండెంటుగారు తప్పు దొర్లిన ఫైలును నలుగురి ఎదుట నేలకు విసరివైచెడివారు; మేమందరమును తప్పులు దిద్దుకొనుట మాని, ఫైళ్లు ఆయన బల్లమీదికి చేరకుండ దాచు విద్యయందు ఆరితేరితిమి.

అయినను కేవలము కొయ్యముక్కయే న్యూ లానార్కును బాగుచేసినదనుట పొరబాటు. 1800లో మిల్లుల పగ్గములు చేపట్టిన ఓవెన్ వేల్సు దేశస్థుడు. ఆ ఊరి పనివారికి పరాయివాడు. మామగారైన డేవిడ్ డేల్ నెలకొల్పిన మిల్లులే యైనను, అల్లుడు తలపెట్టిన ప్రతి మార్పును వారు లాభాపేక్షగనే శంకించిరి. దొంగతనములు మెండుగా నుండినను ఆయన దొంగలను శిక్షింపబోక, సరకు చేయి మారిన ప్రతిచోట లెక్క వ్రాయించి, దొంగిలించుటయే దుర్ఘటము గావించెను. అప్పటికిని శంక తీరలేదు. ఇంతలో అమెరికా పత్తి ఎగుమతిని నిలిపివేయగా, ధర మండిపోయి, కొందరు యజమానులు మిల్లులు మూసి పనివారిని వీధిపాలు చేసిరి. ఓవెన్ యంత్రముల నాపెను, మనుషులను మాత్రము పంపలేదు. నాలుగు నెలలపాటు యంత్రములను తుడిచి సిద్ధముగా నుంచుటయే వారి పని. కూలి మాత్రము కాసైనను తరుగలేదు. అందులకై 7,000 పౌనులకు పైగా వ్యయమయ్యెను. పనివారి మనసులు విరిసినది అప్పుడే.

ఆయన 10 ఏండ్లలోపు పిల్లలను పనికి తీసికొనుట మానెను. 1816 జనవరి 1న వారికై విద్యాలయమును తెరచెను. ఆ కాలముననే దినమునకు పనివేళ 10 గంటల 45 నిమిషములకు తగ్గెను. పదేండ్లు నిండిన పసివాడు అంతసేపు యంత్రము చెంత నిలుచుట నేటి మన కంటికి ఘోరమే, నాటివారికి మాత్రము అది ఔదార్యము.

మొదట వరుసలనిండ నలుపే యుండెడిదనియు, ఏండ్లు గడచుకొలది నీలమును, పసుపును, అక్కడక్కడ తెలుపును తొంగిచూచెననియు ఓవెన్ చెప్పికొనెను. ఆ మార్పునంతను ఆయన కొయ్యముక్క ఖాతాకే జమకట్టెను. నేనైతే అందు సగమైనను ఆ నాలుగు నెలల కూలి ఖాతాకు వ్రాయుదును.