మెరుగు మాసిన చక్రములు

మన వీథులలో తిరుగు కార్ల చక్రములు క్రమముగా రూపు మార్చుకొన్నవి. పూర్వము నల్లరంగు పూసిన ఉక్కుచక్రము, దానిపై మెరయు మూత యుండెడివి. ఇప్పుడు ఖరీదైన బండ్లకే కాక ఒక మోస్తరు బండ్లకును అల్యూమినియము మిశ్రలోహముతో పోతపోసిన చక్రములు వచ్చుచున్నవి. జనవ్యవహారమున వీనిని అలాయ్ వీల్స్ అనుచున్నారు. ఇవి చూపులకు సొగసుగా నుండును. కాని కాలిబాట అంచునకు ఒక్కసారి ఒరసికొన్నచో ఆ గీత యజమానుని కంటిలో నలుసువలె మెదలుచుండును. ఉక్కుచక్రమునకు సొట్ట పడినను లెక్కచేయనివారు దీనికి వెండ్రుకవాసి గీత పడినంతనే మరమ్మతు దుకాణమునకు పరుగెత్తుదురు. అట్లు పోవుటకు ముందు తేల్చుకొనవలసిన విషయ మొకటి కలదు. తగిలిన దెబ్బ చక్రపు చర్మమునకా, ఎముకకా? చర్మమునకైనచో బాగుచేయుట సులభము. ఎముకకు తగిలిన దెబ్బను రంగుపూసి దాచుట మాత్రము ప్రాణములతో చెలగాటము.

ఈ చక్రముల లోహము శుద్ధమైన అల్యూమినియము కాదు. నూటికి సుమారు 7 పాళ్లు సిలికాను, అర పాలుకు లోపుగా మెగ్నీషియము కలిపి కరగించి, అచ్చులలో పోయుదురు. పిమ్మట 540 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున కొన్ని గంటలు కాచి, నీట ముంచి, తిరిగి 150 డిగ్రీల ప్రాంతమున కొంతసేపుంచి పదును పెట్టుదురు. చక్రమునకు బలమిచ్చునది ఈ పదునే. దీనిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మరల దీనితో పని పడును. అల్యూమినియము చక్రములు నిన్న మొన్న పుట్టినవి కావు. ఎత్తోరె బుగాటీ 1924లో తన 35వ రకపు పందెపు కారుకు ఇట్టి పోతచక్రములనే అమర్చి లియాన్ నగరపు పందెములో దింపెను. అల్యూమినియము బరువు ఇనుము బరువులో సుమారు మూడవ వంతు. అట్లని చక్రము బరువు కూడ మూడవ వంతునకు దిగదు. బలము చాలుటకు లోహమును మందముగా పోయవలసి యుండును గదా!

చర్మము మాటకు వత్తము. మన వంటయింటి సత్తుగిన్నెను గమనించినవారికి ఈ లోహపు స్వభావము తెలియనిది కాదు. చింతపండు పులుసు కాచినపుడు గిన్నె లోపల తెల్లబడి తళతళలాడును. సోడా కలిపిన నీరు మరగించినచో నల్లబడును. అల్యూమినియమునకు గాలి సోకిన క్షణముననే, కంటికి కానరానంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహమును కాపాడును. ఆ పొరను పులుపును కరగించును, క్షారమును కరగించును. ఇక ఉప్పు చేయు పని వేరు. అది అక్కడక్కడ పొరను చీల్చి గుంటలు పెట్టును. అందుచేతనే చక్రనిర్మాతలు లోహమును వట్టిగా విడువక దానిపై ప్రైమరు, రంగు, అన్నిటికి పైన పారదర్శకమైన వార్నిషు వేయుదురు. ఈ పొరలన్నియు కలిపినను మందము మిల్లీమీటరులో పదవవంతునకు అటునిటుగా నుండును. మనము మెరుగు అని మురియునది నిజమునకు ఒక కవచము. అందము దానికి అనుబంధము మాత్రమే.

ఈ కవచమునకు శత్రువులు పెక్కు. మొదటిది బ్రేకు ధూళి. బ్రేకు వేసినప్పుడెల్ల పోతయినుప డిస్కునుండియు, ప్యాడ్లనుండియు వేడి రేణువులు రాలి వార్నిషులో నాటుకొనును. అందలి యినుము తుప్పుపట్టి గోధుమరంగు చుక్కలుగా తేలును. వారమునకొకసారి మామూలు నీటితో కడిగినచో చాలవరకు పోవు ఈ మురికిని నెలల తరబడి విడిచి, పిదప ఘాటైన మందులతో వదలగొట్టబూనుట మనలో పలువురికి అలవాటు. ఈ మందుల విషయమున మేము గట్టిగా హెచ్చరింపవలసి యున్నది. చక్రములు శుభ్రపరచు కొన్ని ద్రవములలో అమ్మోనియము బైఫ్లోరైడు కాని, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము కాని యుండును. పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లము చేతికి సోకినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చును. కొన్ని గంటలలో అది చర్మము దాటి లోనికి దిగి శరీరములోని కాల్షియముతో కలిసి ఎముకకును, గుండెకును చేటు తెచ్చును. సీసాపై ఫ్లోరైడు అను మాట కనబడినచో దానిని ఇంటికి తేవలదు. కాస్టిక్ సోడా కలిసిన మందులును తగవు. అవి అల్యూమినియమునే తినివేయును. చక్రము చల్లారిన పిమ్మట నీరు, మెత్తని బ్రష్షు, ఆమ్లమును క్షారమును కాని కారు షాంపూ, ఇవి చాలును. గిన్నెలు తోము ఇనుప పీచు ముట్టింపరాదు. అది గీతలు పెట్టుటయే కాక తన తునకలను అక్కడ విడిచిపోవును. అవి పిదప తుప్పుపట్టును.

రెండవ శత్రువు ఉప్పు. శీతలదేశములలో మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు కనుక అమెరికాలోను కెనడాలోను ఉన్న మన తెలుగువారికి ఈ బాధ మిక్కుటము. మనకు ఆ చల్లుడు లేకున్నను సముద్రము కలదు. విశాఖపట్టణమున, కాకినాడలో తీరము వెంబడి తిరుగు బండ్లకు ఉప్పుగాలి, తేమ రెండును కలిసి తగులును. రాయి ఎగిరి వార్నిషులో ఆవగింజంత పెచ్చు లేచినచో, ఉప్పునీరు అందుండి దూరి, వార్నిషు క్రింద వానపాము నడచినట్లు తెల్లని దారములుగా పాకును. ముఖ్యముగా, యంత్రముపై కోసి లోహపు నిగ్గునే అందముగా చూపు డైమండ్ కట్ చక్రములకు ఇది వెంటాడు రోగము. అట్టి దారములపై మరల వార్నిషు పూయుట పుండుపై పట్టువస్త్రము కప్పుటయే. పాతపొర పూర్తిగా తీసివేసి, శుభ్రమైన లోహము కనబడువరకు పోవలెను. డైమండ్ కట్ చక్రమును మరల లేత్‌పై కోయవచ్చును కాని, కోసిన ప్రతిసారి కొంత లోహము పోవును. కనుక ఆ చికిత్సను పలుమారులు చేయ వీలులేదు. ఉప్పుగాలి తగులుచోట నివసించువారు అట్టి చక్రమును రంగు చక్రముగా మార్చుకొనుటయే మేలని మా అభిప్రాయము.

ఇక ఎముక దెబ్బలు. వానకాలమున నీరు నిండిన గోతిలో చక్రము పడినప్పుడు దెబ్బ ఎక్కువగా రిమ్ము లోపలివైపున తగులును. బయటినుండి చూచినచో ఏమియు కనబడదు. ఒక వేగమున స్టీరింగు వణకుట, టైరులో గాలి మెల్లమెల్లగా తగ్గుట దీని లక్షణములు. చక్రమును విప్పించి లోపలివైపు చూడవలెను. సన్నని పగులు కంటికి ఆనకున్నచో పాతకాలపు పరీక్ష యొకటి కలదు. అనుమానమున్న చోట శుభ్రము చేసి కిరసనాయిలు పూసి, కొంతసేపాగి, పొడిబట్టతో తుడిచి సుద్దపొడి అద్దవలెను. పగులున్నచో అందుదాగిన కిరసనాయిలు సుద్దలోనికి ఊరి గీతగా కనబడును. ఎర్రని రంగుద్రవముతో చేయు పరీక్ష ఇంతకంటె సూక్ష్మమైనది. అది మంచి కర్మాగారములలో లభించును. గీత కనబడనంత మాత్రమున పగులు లేదని రూఢి కాదు. లక్షణములు వీడనిచో ఆ పరీక్ష చేయింపవలసినదే.

పగిలిన చక్రమునకు అతుకు వేసెదమని చెప్పువారు కలరు. వెల్డింగు వేడికి పైన చెప్పిన పదును అతుకు చుట్టును సడలిపోవును. చూచుటకు అతుకు నున్నగా నుండవచ్చును, కాని దాని ప్రక్కనే లోహము మెత్తబడి యుండును. కుటుంబమంతయు కూర్చొని పోవు బండికి అట్టి చక్రము పనికిరాదు. దానిని పాతసామాను కొట్టుకు ఈయవలెను. నష్టమని చింతింపనక్కరలేదు, ఖనిజమునుండి అల్యూమినియము తీయుటకగు శక్తిలో ఇంచుమించు 20వ వంతుతోనే పాతలోహమును కరగింపవచ్చును గనుక దానికి వెల యుండనే యుండును. పగులు లేని చిన్న వంపును యంత్రముపై సరిచేయవచ్చును. మంటపెట్టి కాల్చి సుత్తితో మోదువారి చేతికి మాత్రము ఈయరాదు.

దెబ్బ చర్మమునకే యని తేలినచో, అంచున పడిన గీతలను ఓపికగలవారు ఇంటివద్దనే బాగుచేసికొనవచ్చును. వానలు, మంచు లేని పొడిదినములు ఎన్నుకొనవలెను. గాలిలో తేమ హెచ్చుగా నున్నచో పూసిన పూత పాలుగారి తెల్లబడును. చక్రమును కడిగి, జిడ్డు పోవునట్లు తుడిచి, ఆరనిచ్చి, టైరుకు రిమ్ముకు నడుమ అట్టముక్కలు దోపవలెను. పాత శుభలేఖలు ఇందుకు ఎంతో చక్కగా పనికివచ్చును. పిమ్మట 240 నంబరు వాటర్ పేపరుతో మొదలిడి, 400, 600 నంబర్లతో నీరు తడుపుచు రుద్దవలెను. గాయపుచోటనే కాక చుట్టును కొంతదూరము రుద్దినగాని పాతరంగు అంచు మెట్టువలె నిలిచి పని మోటుగా కనబడును. పొడిగా రుద్దరాదు; సన్నని అల్యూమినియము పొడి గాలిలో లేచినచో నిప్పంటుకొనును, ఊపిరితిత్తులకును మంచిది కాదు. లోతుగీతలకు లోహములకు వాడు లప్పము పట్టించి, గట్టిపడిన తరువాత మరల రుద్దవలెను. లప్పము గీతలకే గాని పగుళ్లకు కాదు.

నగ్నలోహము కనబడిన పిదప ఆలస్యము తగదు. ఆనాడే అల్యూమినియమునకు తగిన ప్రైమరు పూయవలెను. దానిపై రంగు, ఆపైన వార్నిషు. ఒక్క దట్టమైన పూతకంటె మూడు నాలుగు పలుచని పూతలు మేలు. నడుమనడుమ డబ్బాపై చెప్పినంతసేపు ఆరనీయవలెను. గట్టిపరచు ద్రవము కలిపి వేయు రెండు పాళ్ల వార్నిషు నిలుకడలో గొప్పదే కాని అందుండు ఐసోసయనేటులు ఊపిరికి తీవ్రమైన హాని చేయును. మూతికి గుడ్డ కట్టుకొన్న లాభము లేదు. దానిని తగిన పరికరములున్న పనివారికే విడువవలెను. పొడిరంగు చల్లి కొలిమిలో కాల్చు పద్ధతిలో 180 మొదలు 200 డిగ్రీల వేడి పెట్టుదురు. వేడి ఎంత, ఎంతసేపు అని అడిగి తెలిసికొనవలెను. అంతకు మించి కాల్చినను, మాటిమాటికి కాల్చినను ఆ పదునునకే చేటు.

తుదకు చక్రమును బిగించుట. నట్లు కూర్చుండు గుంటలలోను, చక్రము ఇరుసునకు ఆనుకొను వెనుకతలమునను రంగు పడకుండ ముందే కాగితముతో కప్పియుంచవలెను. అక్కడ రంగు మందముగా నున్నచో నడకలో అది నలిగి, బిగించిన నట్లు వదులగును. తూకము సరిచేయించునపుడు అంచునకు కొట్టు ముక్కలు వలదని, లోపల అంటించు ముక్కలు పెట్టుమని చెప్పవలెను. కొట్టుముక్క క్రొత్త పూతను అక్కడికక్కడే పగులగొట్టును. నట్లను ఎదురెదురుగా, కారుతో ఇచ్చిన పుస్తకములో చెప్పిన కొలతకు, టార్క్ రెంచితో బిగించి, 80 మొదలు 100 కిలోమీటర్లు నడిచిన పిదప మరల ఒకసారి పరీక్షింపవలెను.